వేసిన ముఖం దించడం

ముఖానికి రంగు వేసే పని నేర్చుకునేదానికి ఇప్పుడు పిల్లలు కోర్సులకు పోతా ఉండారు. బెంగళూరులో మా హూడి మెయిన్ రోడ్డులోనే ఒక స్కూలు పెట్టినారు, అద్దాల చుట్టూ బల్బులు, తిరిగే కుర్చీలు. ఆ స్కూలు పిల్లలు ఇద్దరు ఒకరోజు నా దగ్గరికొచ్చి, "తాతా, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి, వీడియో తీసుకుంటాం" అన్నారు. వీడియో వద్దప్పా, రాసి ఇస్తా అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాయడం నాకు ఇంకా కొత్త. మీసం నెరిసినాక అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. సాయంత్రం బడిలో లుంగీ కట్టుకోని బెంచీ మీద కూర్చోని, మొదట కన్నడం, తర్వాత తెలుగు నేర్చుకున్నాను. కాబట్టి దీంట్లో సొగసు వెతకద్దండి. నాకు ఎవరు శాలువా కప్పినారు, ఏ వేదిక మీద కూర్చోబెట్టినారు అనేది రాయను. ఆ శాలువాలన్నీ ఇప్పుడు మా ఇంట్లో కుక్కర్ దించే గుడ్డలు. పని గురించి మాత్రం రాస్తాను. మీ స్కూల్లో చెప్పని సంగతులు రెండు మూడు ఉండాయి.

మా మేష్ట్రు

తొంభైల మొదట్లో హూడి, మహదేవపుర, కుందలహళ్ళి ఇవన్నీ ఊర్లే. రాగి చేన్లు, ద్రాక్ష తోటలు, ఎనుములు. ఒక్కో ఊర్లో మగవాళ్ళు పని ముగించుకోని సాయంత్రం సాయంత్రం హార్మోనియం మేష్ట్రు దగ్గర పద్యాలు నేర్చుకునేవాళ్ళు. నెలల తరబడి నేర్చుకోని ఒక్క నాటకం ఆడేవాళ్ళు. సగం పద్యాలు తెలుగు, సగం కన్నడం. చూసేవాళ్ళకు అది లెక్కే కాదు. కిరీటాలు, గదలు, తెరలు, రంగులు మా కంపెనీ నుంచి పోయేవి. కంపెనీ అంటే చిక్కపేట సందులో ఒక చీకటి గది. ఆ గది యజమాని, నాకు పని నేర్పినవాడు, పుట్టస్వామి మేష్ట్రు.

ఆయన మంచివాడు కాదు. అబద్ధం ఎందుకు? చెయ్యి చేసుకునేవాడు, తాగేవాడు, నా పెండ్లికి కూడా రాలేదు. కానీ ముఖం చూడడం ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. "దగ్గర నుంచి అందంగా ఉండే ముఖం దూరం నుంచి పిండిముద్దరా. చివరి వరసలో ముసలామె కూర్చోని ఉంటుంది చూడు, ఆమె కోసం వెయ్యి" అనేవాడు. ఇంకోటి చెప్పేవాడు. రంగు పూసినాక మనిషిని సొంత పేరుతో పిలవకూడదు. భీముడి వేషం వేసినవాణ్ణి భీమా అనే పిలవాల. "ఇట్లా రా నారాయణా అంటే వాడు సగం నారాయణ అయిపోతాడు. ఆ సగం సగంతో ఆట చెడిపోతుంది."

అది ఉట్టి పిచ్చి అనుకునేవాణ్ణి, యముడు టిఫిన్‌కు పోయిన రోజు వరకు.

యముడు టిఫిన్‌కు పోయినాడు

మహదేవపుర పక్కన ఒక దర్జీ ఉండేవాడు. గొంతు పెద్దది, మనిషి పెద్దవాడు, అందుకని ప్రతిసారీ యముడి వేషం ఆయనకే. ఒక ఏడు తెల్లారి ఆట ముగిసినాక రంగు దించే వరసలో ఈయన కనపడలేదు. చూస్తే సైకిల్ కూడా లేదు. ఆకలయ్యి ఇంటికి పోయినాడు, నల్లరంగుతో, ఎర్ర కండ్లతో, కిరీటం క్యారియర్‌కు కట్టుకోని.

వాళ్ళ నాయన నెలలుగా వాకిట్లో మంచం పట్టి ఉండాడు. కాలు కింద పెట్టలేడు. తెల్లారి వెలుగులో సైకిల్ మీద యముడు వస్తా ఉంటే చూసినాడు. అరవలేదు, ఏడవలేదు. "వచ్చినావా సామీ" అని లేచి, పంచె సరిగ్గా కట్టుకోని, చెప్పులు వెతుక్కోని, "నడు పోదాం" అని ముందుకు నడిచినాడంట. వీధి చివర వరకు నడిచినాడు. కొడుకు వెనకాలే సైకిల్ తోసుకుంటా, "నాయనా నేను, నేనే నాయనా" అంటే ముసలాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

నేను పరుగెత్తుకుంటా పోయి కొబ్బరినూనె గుడ్డతో ఆ రోడ్డు మీదనే రంగు దించినాను. అప్పుడు ముసలాయన కొడుకు ముఖం చూసి, మెల్లగా చెప్పులు విడిచి అక్కడే కూర్చున్నాడు. పోయినాడేమో అనుకున్నాం. పోలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు బతికినాడు, లేచి తిరిగినాడు కూడా. కనపడినోళ్ళకంతా చెప్పేవాడు: "పిలిచి వీధి చివర దాకా తీసకపోయినాడప్పా. మళ్ళా ఏం గుర్తొచ్చిందో, అక్కడే వదిలేసి పోయినాడు. మాట మీద నిలబడని మనిషి."

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వినాను. కానీ ఆ ముసలాయన చెప్పులు వెతుక్కున్న తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. పక్కింటికి పోతా ఉన్నట్టు వెతుక్కున్నాడంట.

రంగు పడని చర్మం

రెండు వేలు దాటినాక చేన్లు పోయినాయి, గాజు బిల్డింగులు లేచినాయి. నాటకాలు తగ్గినాయి. అపార్ట్‌మెంట్లలో తెలుగు సంఘాలోళ్ళు ఉగాదికి పిలుస్తా ఉండిరి. ఒక అమ్మాయి, సాఫ్ట్‌వేర్, సత్యభామ వేషానికి కూర్చున్నాది. నేను పాత అలవాటుగా సఫేదా, అదే తెల్లపొడి, నూనెలో కలిపి పూయబోతే చెయ్యి పట్టుకున్నాది. "అంకుల్, ముందు చేతి మీద కొంచెం రాసి ఒక అరగంట చూద్దాం. నా స్కిన్ సెన్సిటివ్" అన్నాది. నాకు రోషం వచ్చింది. చూస్తే అరగంటలో చేతి మీద దద్దుర్లు లేచినాయి. ఆ రోజు నుంచి చేతి మీద రాసి చూడకుండా ఎవరి ముఖమూ ముట్టుకోలేదు. మీకు ఇది మొదటి రోజే చెప్తారు కదా. మాకు చెప్పలేదు. మా కాలం గొప్పది అనే ముసలోళ్ళ మాట నమ్మద్దండి. మా కాలంలో పసుపు రంగు కోసం అర్దళం పూసేవాళ్ళం. అది విషం.

సరే. ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే రాసే పనికి ఒప్పుకున్నాను.

సముద్రం లేని చోట

కుందలహళ్ళిలో పెద్ద టెక్ పార్కు వెనకాల, చెరువు గట్టు కింద, రేకుల షెడ్లు వరసగా ఉండేవి. వాటిల్లో ఉండేవాళ్ళంతా ఒకే ఊరోళ్ళు, ఉత్తరాంధ్ర పక్క సముద్రం ఒడ్డు ఊరు. మగవాళ్ళు సెక్యూరిటీ, ఆడవాళ్ళు ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్. ఊరు వదిలినా ఊరి పద్ధతి వదల్లేదు. ఆదివారమైతే షెడ్ల మధ్య ఖాళీ జాగాలో రొమ్ముకు తప్పెట కట్టుకోని గుండ్రంగా తిరుగుతా గెంతేవాళ్ళు. తప్పెటగుళ్ళు అంటారు దాన్ని. నెత్తిమీద చెంబు, చెంబు మీద ఇంకొకడు. టెక్ పార్కు పిల్లలు కాఫీ కప్పులు పట్టుకోని కంచె అవతల నిలబడి చూసేవాళ్ళు. ఎండుచేపల వాసన మాత్రం కంచె దాటకుండా ఉండేది కాదు, దాని మీద గలాటాలు.

వాళ్ళ పెద్ద ఎర్రయ్య. ముసలి మత్స్యకారుడు. వలలు అల్లే చెయ్యి. ఆ చెయ్యి ఇక్కడ ఏం చేస్తా ఉండె తెలుసా? అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పావురాలు రాకుండా వలలు అల్లుతా ఉండె. "సేపల్ని పట్టీ వల, బావూ. ఇప్పుడు పిట్టల్ని తోలతాంది" అని నవ్వేవాడు.

వాళ్ళ అమ్మవారి పండక్కి ఏటా వేషాలు నేనే వేసేవాణ్ణి. పులి, భేతాళుడు, పోతురాజు. ఒక ఏడు పండగకు ముందు ఎర్రయ్య నా ఇంటికి వచ్చినాడు. టీ తాగినాడు, గ్లాసు కింద పెట్టినాడు, ఇంకా మాట రాలేదు.

"ఏం ఎర్రయ్యా, బేజారుగా ఉండావు?" అని అడిగినాను.

"ఒక ముకం కావాల బావూ. దేవుడి ముకం కాదు. మనిసి ముకం."

అప్పుడు చెప్పినాడు. వాళ్ళ ఊర్లో బోటు మీద పోయినవాడు తిరిగి రాకుంటే, శవం కూడా ఒడ్డుకు కొట్టకుంటే, ఆ ఇల్లు ఎదురుచూస్తానే ఉంటాది. పెండ్లాం ముండమోయదు, పుణ్యస్త్రీగా పేరంటానికీ పోదు. దానికి ఒక తెంపు పెడతారు. సాగనంపడం అంటారు. ఆ మనిషిని ఎప్పుడూ చూడని పరాయివాడు ఒకడు అతని బట్టలు తొడుక్కోని, అతని ముఖం వేయించుకోని, దీపాలు పెట్టే వేళకు గుమ్మం ముందర నిలబడతాడు. మాట్లాడకూడదు. గడప దాటకూడదు. ఇంటోళ్ళు నీళ్ళు ఇస్తారు, అతని వస్తువులు మూటగట్టి ఇస్తారు. అన్నం మాత్రం పెట్టరు. అన్నం పెడితే అతనికి ఇంట్లో చోటు ఇచ్చినట్టు. మూట తీసుకోని నీళ్ళల్లోకి నడుస్తాడు, మూట వదిలేస్తాడు, అక్కడే రంగు కడుక్కోని ఇంకో దారిన పోతాడు. అంతే. ఆ తర్వాత ఎదురుచూడరు.

"మా పోలయ్య బోటెక్కి ఎల్లి సేన్నాల్లయింది" అన్నాడు. "ఆడి పెల్లాం నూకాలుని సూరిబావు సేసుకుంటానంటన్నాడు. టెక్ పార్కు గేటుకాడ సెక్యూరిటీ, ఎరుగుదువు. మంచి కుర్రోడు. పోలయ్య తల్లి అప్పలమ్మ ఇన్నాల్లూ ఒప్పలేదు. నా కొడుకు బతికున్నాడంటాది. ఇప్పుడు సరే అన్నాది. ఆవిడ మనసు మారీలోగా అయిపోవాల బావూ."

"సముద్రం ఏదప్పా ఇక్కడ?"

"సెరువు లేదేటి? ఏ నీరయినా ఆకరికి ఆడికే ఎల్తాది."

రెండు ముఖాలు

పరాయివాడు కావాల కాబట్టి హూడి కృష్ణప్పను అడిగినాను. పాలు పోసేవాడు. ఆవులు అమ్ముకున్నాక కూడా పాలు పోసే కృష్ణప్పే. మా ఊరి దుర్యోధనుడు. ముఖం పొడుగు, చెక్కిళ్ళు లోపలికి, ఏ ముఖమైనా ఎక్కించవచ్చు. మెళ్ళో తులసిమాల, వాళ్ళింట్లో గుడ్డు కూడా రాదు.

"మాటలు లేని వేషమా? ఇదేం నాటకం మేష్ట్రే?" అన్నాడు.

"నిలబడి, మూట తీసుకోని పోవాల. అంతే."

"అంతేనా? ఒక పద్యమైనా లేదా?"

ఫోటో లేదు. బోటు ముందర ఊరోళ్ళంతా నిలబడిన ఫోటో ఒకటి ఉండాది గానీ దాంట్లో పోలయ్య ముఖం మీద తెడ్డు నీడ పడింది. షెడ్డు బయట కృష్ణప్పను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ ఇద్దరు ఆడవాళ్ళను అడుగుతా వేసినాను. అక్కడే మొదటి చిక్కు. అప్పలమ్మ చెప్పే కొడుకు వేరే, నూకాలు చెప్పే మొగుడు వేరే. తల్లి చెప్పేవాడు మీసం రాని పిల్లోడు, బుగ్గలు నిండుగా. పెండ్లాం చెప్పేవాడు ఎండిపోయిన మనిషి, ముక్కు మీద దెబ్బ.

అప్పలమ్మకు కండ్లల్లో పొర. వెలుగు, నీడ తప్ప కనపడదు. కాబట్టి వేళ్ళతో చూసింది. కృష్ణప్ప ముఖం తడుముతా, "ముక్కు ఇంకొంచెం. ఇక్కడ. ఇక్కడ ఎత్తు" అని చెప్తా ఉంటే నేను మైనం పెడతా పోయినాను. నూకాలు గడప లోపల నిలబడి ఉండె. ఆఫీసు యూనిఫారం చీర కూడా మార్చుకోలేదు. "కాదు" అనేది. కనుబొమ కిందికి దించినాను. "కాదు." పెదవి సన్నం చేసినాను. "కాదు."

తర్వాత ఏం చేసినానో నాకే సరిగ్గా గుర్తు లేదు. చెక్కిలి మీద నీడ రొంత చెరిపినాను, అంతే. నూకాలు కాదు అనలేదు. తిరిగి చూస్తే కొంగు నోట్లో కుక్కుకోని గోడకు ఆనుకోని ఉండాది.

ఎర్రయ్య నా భుజం పట్టుకున్నాడు. "సాలు బావూ. ఆపీ. ఇంకా సేస్తే ఆడే ఒచ్చీస్తాడు."

ఆపినాను. నా పనిలో ఇంత పోలిక వచ్చింది లేదు, ఆ తర్వాతా రాలేదు. సంతోషపడాల్సింది. నాకు మాత్రం గుడ్డ తీసుకోని అప్పుడే తుడిచేయాలనిపించింది. కానీ అప్పలమ్మ ఆగలేదు. నా పెట్టెలో చెయ్యి పెట్టి, కాటుక తడుముకోని, బొటనవేలితో కృష్ణప్ప కుడి కనుబొమ మీద అడ్డంగా ఒక గీత గీసింది. "గాలం తగిలి తెగింది ఇక్కడే. సిన్నప్పుడు" అన్నాది. తల్లి చెయ్యి కదా, తడబడలేదు.

కృష్ణప్ప అప్పటిదాకా నన్ను చూసి కన్ను కొడతా, చలికి ఒళ్ళు ముడుచుకుంటా ఉండాడు. ఆ గీత పడినాక కదలడం మానేసినాడు.

కంచం

దీపాలు పెట్టే వేళ అయింది. షెడ్ల వాళ్ళంతా దూరంగా నిలబడినారు. తప్పెటలు లేవు. టెక్ పార్కు అద్దాల్లో ఒక్కొక్క అంతస్తు వెలుగుతా ఉండాది. చెరువు మీద నుంచి నురగ గాలికి లేచి వస్తా ఉండాది. ఆ చెరువు మురికికి అప్పట్లో నురగ లేచేది, మనిషి నడుము ఎత్తు. దూరం నుంచి చూస్తే అల వచ్చి ఆగినట్టు ఉండాది.

పోలయ్య లుంగీ, పోలయ్య చొక్కా తొడుక్కోని కృష్ణప్ప గుమ్మం ముందర నిలబడినాడు. నూకాలు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగినాడు. ఇంక మూట ఇవ్వాల.

లోపల నుంచి అప్పలమ్మ గొంతు వచ్చింది. "ఆకలేస్తాదిరా ఆడికి. ఎప్పుడనగా తిన్నాడో."

"అత్తా" అన్నాది నూకాలు.

"లోనికి రా నాయనా. ఒండి ఉంచినాను."

ఎర్రయ్య ముందుకు పోయే లోపల కృష్ణప్ప గడప దాటినాడు. తల వంచుకోని, ఆ వాకిలి ఎత్తు తెలిసినవాడి మాదిరి. పీట మీద కూర్చున్నాడు. అప్పలమ్మ కంచం పెట్టింది, అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది. ఆమె ఎప్పుడు వండిందో, ఎవరికీ తెలీదు. ఒప్పుకున్నది నోరు మాత్రమే, కడుపు ఒప్పుకోలేదు. ఇది తప్పని నేను అనను. సముద్రం మీద నుంచి వచ్చినవాడికి అన్నం పెట్టకుండా ఏ తల్లి పంపిస్తాది?

గుడ్డు ముట్టని కృష్ణప్ప చేప తిన్నాడు. చేప తలకాయ ముందు తీసుకున్నాడు. ముండ్లు నాలుకతోనే వేరు చేసి కంచం అంచుకు వరసగా పెట్టినాడు.

అప్పలమ్మ ఆ ముండ్లను వేలితో తడిమి నవ్వింది. "సూసినావా కోడలా? తలకాయే ముందు. ఎప్పుడూ అంతే."

నేను వాకిట్లో నుంచి చూస్తా ఉండాను. కృష్ణప్ప చెయ్యి కడుక్కున్నాడు, నిట్రాట గుంజకు ఆనుకోని కూర్చున్నాడు, కండ్లు కప్పు వైపు. పోయే ఉద్దేశం ఉన్నవాడు కూర్చునే తీరు కాదు అది.

"కృష్ణప్పా" అని పిలిచినాను. పలకలేదు. "కృష్ణప్పా, లే, పోదాం." కన్ను కూడా కదల్లేదు.

అప్పుడు మా మేష్ట్రు మాట నోటిదాకా వచ్చింది. వేషం పేరుతో పిలిస్తే లేస్తాడు కదా. "పోల..." అన్నానో లేదో ఎర్రయ్య నా నోరు మూసినాడు, గట్టిగా. ఆయన అరచెయ్యి వలతాడు మాదిరి గరుకుగా ఉండాది.

"ఆ పేరుతో పిలవకు బావూ" అని చెవిలో అన్నాడు. "పలికితే ఏటి సేస్తావు?"

పలికితే ఏం చేస్తాను? షెడ్లోళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరగడం మొదలుపెట్టినారు. సూరిబాబు మాత్రం ఉండాడు, వాకిలికి దూరంగా, సెక్యూరిటీ టోపీ చేతుల్లో నలుపుతా. ఆ పిల్లోడి ముఖం చూస్తే తెలిసిపోయింది. తను అడిగిన ఇల్లు నిండిపోయింది అనుకుంటా ఉండాడు.

నూకాలు బయటికి వచ్చింది. నేరుగా నా పెట్టె దగ్గరికి. కొబ్బరినూనె సీసా తీసుకున్నాది, గుడ్డ తీసుకున్నాది. నన్ను అడగలేదు. లోపలికి పోయి ఆయన ముందర మోకాళ్ళ మీద కూర్చోని, గుడ్డ తడిపి, కనుబొమ మీద పెట్టింది.

"కోడలా! ఏటి సేస్తన్నావు?" అప్పలమ్మకు కనపడదు గానీ నూనె వాసన తెలిసింది. "ఆపు! ఆపమన్నాను కాదా!"

"ఆపను అత్తా."

"నా బిడ్డే అది!"

"నీ బిడ్డ నీకు ఉంటాడు. ఈడు కాదు. రోజూ రాత్రి తలుపు గడియ తీసి ఉంచతావు. నాను గాలికి లేచి కూకుంటాను. ఇంక నా వల్ల కాదు."

అరుస్తా అనలేదు, తుడుస్తా అన్నాది. మొదట ఆ గీత పోయింది. మీసం పట్టుకోని ఊడదీసింది. చెక్కిలి మీద నేను చెరిపిన నీడ ఉంది చూడండి, దాని దగ్గర చెయ్యి ఆగింది. ఒక్కసారి చెంపకు చెయ్యి ఆనించి అట్లే ఉంచింది. మళ్ళీ తుడిచింది. ఆఖరికి ముక్కు మీది మైనం గోటితో గిల్లి తీసేసింది. పెండ్లాం తన మొగుడి ముఖాన్ని తన చేత్తో దించింది. నేను జీవితమంతా ముఖాలు దించినాను, అట్లా దించడం చూడలేదు.

"ఇంద అత్తా. ఇప్పుడు సూడు."

అత్త చెయ్యి పట్టుకోని కృష్ణప్ప ముఖం మీద పెట్టింది. ముసలామె వేళ్ళు ముక్కు దగ్గరికి వచ్చి ఆగినాయి. మళ్ళీ నుదుటి నుంచి మొదలుపెట్టి తడిమింది. మళ్ళీ ముక్కు దగ్గర ఆగింది.

"ఎవరు బావూ నువ్వు?" అన్నాది.

కృష్ణప్ప ఉలిక్కిపడినాడు. "నేనమ్మా... హూడి కృష్ణప్పను. పాలు పోసే..." అని చుట్టూ చూసినాడు. కంచం చూసినాడు. ముండ్లు చూసినాడు. తులసిమాల పట్టుకున్నాడు. "మేష్ట్రే, ఇదేంది? ఎవరు తిన్నారు ఇది?"

తర్వాత ఎప్పుడు అడిగినా, "ఆకలి మేష్ట్రే, ఆకలికి తినేసినా, వదిలేయి" అనే అంటాడు. అంతే అయ్యుండచ్చు. ఆయన మంచి నటుడు, వేషంలో దిగితే లేవడు. నేను ఇంతకు మించి చెప్పలేను. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడానికి కాదు నేను అక్షరాలు నేర్చుకుండేది.

గట్టు మీద

ఎర్రయ్య తల పట్టుకున్నాడు. "సెడిపోనాది. అన్నం తినీసినాడు, రంగు ఒడ్డునే పోనాది. ఇంక మూట ఎవరు పట్టుకెల్తారు?"

"నానే" అన్నాది నూకాలు.

"ఆడది ఎల్లకూడదే!"

"ఆడది తుడవనూ కూడదు తాతా. తుడిసీసినాను కదా."

మూటలో పోలయ్య ఇంకో లుంగీ, గాలాల డబ్బా, వల అల్లే కర్ర ఉండాయి. నా గుడ్డను కూడా దాంట్లో పెట్టింది. ఆ గుడ్డ మీద ఆ ముఖం అట్లే దిగి ఉండాది, చెదిరి, పక్కకు జరిగి, అయినా ముఖమే. పరిచి చూసే ధైర్యం నాకు లేదు. గుడ్డ వెనక్కి ఇమ్మని అడగలేదు.

గట్టు దిగి నురగలోకి నడిచింది. మోకాళ్ళు, నడుము. మనిషి కనపడలేదు. నురగ మాత్రం కదులుతా ఉండాది. సూరిబాబు చెప్పులు విడిచి పరుగెత్తబోతే ఎర్రయ్య రెక్క పట్టుకోని ఆపినాడు. అందరం అట్లే నిలబడినాం. అప్పలమ్మ ఒక్కతే నీళ్ళ వైపు చెవి పెట్టి వింటా ఉండాది.

ఖాళీ చేతులతో వచ్చింది నూకాలు. ఒళ్ళంతా తెల్లగా, నురగ కారుతా. నేరుగా అత్త ముందర నిలబడింది. ముసలామె చెయ్యి చాచి కోడలి భుజం, చెయ్యి, అరచెయ్యి తడిమింది. మూట లేదు. ఆ తడి చేతిని వదల్లేదు. చాలాసేపు ఏడ్చింది, శబ్దం లేకుండా, నోరు తెరుచుకోని.

ఏడుపు అయినాక కొంగుతో ముక్కు తుడుచుకోని అన్నాది:

"పద, సలి పెడతాది. పులుసు ఇంకా ఉన్నాది. ఆ సూరిబావుని కూడా తినడానికి రమ్మను."